పెద్ద బడి బెంచీలు

పెద్ద బడిలో చప్రాసీకి కూర్చోవడానికి ముక్కాలిపీట ఉండేది. చిన్న బడిలో పంతులునైన నాకు అదీ లేదు. ఈ మాట నేను మొదలుపెట్టగానే మా ఇంట్లో అందరికీ ఏదో ఒక పని గుర్తుకొస్తుంది. మనవరాలైతే నేను "పెద్ద బడిలో" అనగానే "చప్రాసీకి పీట" అని తనే పూర్తిచేసి లేచిపోతుంది. కాగితం లేచిపోదు కాబట్టి ఈసారి మొదటినుంచీ రాస్తున్నాను.

అది నిజాం సర్కారు చివరి కాలం. ఏడో తరగతి పాసై, ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే నేను రామన్నపేట దిక్కున ఒక ఊళ్ళో చిన్న బడికి పంతులుగా కుదిరాను. ఊరి పేరు రాయను. చిన్న బడి అంటే ఒకటి నుంచి మూడు దాకా. ఆ పైన చదవాలంటే కోసున్నర దూరంలో ఉన్న కస్బాకు, అంటే ఆ చుట్టుపక్కలకు పెద్ద ఊరికి, పోవాలి. అక్కడ పెద్ద బడి, నాలుగు నుంచి ఏడు దాకా. మధ్యలో ఒక వాగు.

రెండూ సర్కారు బళ్ళే. రెండింటి కాగితాల మీదా ఒకే ముద్ర. కానీ పెద్ద బడికి పెంకుటిల్లు, వరసకు వరస బెంచీలు, కాళ్ళ మీద నిలబడే నల్లబల్ల, గోడకు నక్షా పటం, ఇత్తడి గంట, ఆ గంట కొట్టడానికి నడుముకు బిళ్ళ కట్టుకున్న చప్రాసీ. ఎండాకాలంలో పిల్లలకు నీళ్ళు పోయడానికి ఒక మనిషిని పెట్టుకోవడానికి కూడా మంజూరీ ఉండేది. మాకు సర్కారు ఇచ్చినవి రెండే: నేనూ, హాజరీ పుస్తకమూ. ఆ పుస్తకంలో కాగితాలు అయిపోతే రెండు నెలల హాజరీ అట్ట లోపలివైపు వేశాను.

మా బడి ఒక అవ్వ బండ్ల కొట్టంలో నడిచేది. ఆమె ఎడ్లు రెండూ గాలికుంటు వచ్చి పోయాయి. బండి అమ్మేసింది. కొట్టం ఖాళీగా ఉందని బడికిచ్చింది. కిరాయి మాటెత్తితే, "నా మనుమరాలికి నాలుగు అచ్చరాలు చెప్పు, గదే కిరాయి" అంది. పిల్లలు ఎవరి ఈతచాప వాళ్ళు చంకన పెట్టుకొని వచ్చేవారు.

నల్లబల్ల సంగతి చెప్పాలి. కొట్టానికి ఉన్న ఒకే ఒక్క తలుపు మాకు నల్లబల్ల. పొద్దున రాగానే దాన్ని ఊడదీసి గోడకు ఆనించేవాళ్ళం. గురువారం సాయంత్రం పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి దానికి పట్టించేవారు. శుక్రవారం సెలవు కాబట్టి ఆరడానికి ఒక రోజు దొరికేది. రోజూ బడి విడిచాక తలుపును మళ్ళీ దాని చోట నిలబెట్టాలి, లేకపోతే మేకలు దూరతాయి. రాసిన వైపు లోపలికి రావాలి. నేను తరచూ మరిచేవాణ్ణి. అప్పుడు ఎక్కం బజారు వైపు ఉండేది. ఆ దారిన మందను తోలుకుపోయే గొర్లకాపరి ఒకాయన ఓ రోజు నన్ను ఆపి, "పంతులూ, మొన్న ఏడో ఎక్కం ఉండె, నిన్న ఎనిమిదైంది. ఏడు నాకింక సగం రాలే. జర ఆగరాదు?" అన్నాడు. మా ఊళ్ళో సర్కారు ఖర్చు లేకుండా చదువుకున్నవాడు అతనొక్కడే అనుకునేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే అందరమూ అంతే.

నాలుగో తరగతితో నా గొడవ మొదలైంది. మూడు పూర్తయిన పిల్లలు ఏడుగురు ఉన్నారు. వాగు దాటి కస్బాకు పోవాలి. అది సంఘం దళాలు ఊళ్ళల్లో తిరుగుతున్న కాలం. వాళ్ళ కోసం పోలీసులు, వాళ్ళ వెనక రజాకార్లు. దారిలో ఎవరు ఎవరిని ఆపి ఏమడుగుతారో తెలియదు. పదేళ్ళ పిల్లలను ఆ దారిన పంపడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఆడపిల్లలను అసలే లేదు. అందుకని ఆ ఏడుగురూ మళ్ళీ మూడులోనే కూర్చున్నారు. అవ్వ మనవరాలు వాళ్ళల్లో పెద్దది. వాచకం అట్ట మీద అచ్చయిన వెలతో సహా ఆమెకు కంఠతా వచ్చు. నేను పాఠం తెరవగానే, "పంతులూ, నువ్వు కూసో, నేను చెప్త" అనేది. కూర్చోవడానికి నాకు పీట ఏది?

నాలుగో తరగతి మంజూరు కావాలంటే బెంచీలు, నిజమైన నల్లబల్ల ఉన్నట్టు తనిఖీలో తేలాలి అన్నారు. సరేనని పెద్ద బడికి పోయాను. వాళ్ళ వరండాలో రెండు విరిగిన బెంచీలు ఎండకు ఎండుతున్నాయి. వాటిని అడుగుదామని.

పెద్ద బడి పెద్ద పంతులును అందరూ సదరు సాబ్ అనేవారు. షేర్వానీ, రూమీ టోపీ, మాట మాటకూ చేతిరుమాలు. నేను పోయేసరికి ఆయన గదిలో నలుగురు చాయ్ తాగుతున్నారు. అయిదో కప్పు ఒకటి ఖాళీగా బోర్లించి ఉంది. దాన్ని నేను చూశాను, ఆయనా చూశారు. అది బోర్లించే ఉండిపోయింది.

"విరిగిన బెంచీలు రెండు ఇప్పిస్తే బాగు చేయించుకుంట, సాబ్" అన్నాను.

"ఏ మద్దు కింద ఇయ్యాలె?" అన్నారాయన.

మద్దు అంటే సర్కారు ఖర్చుల చిట్టాలో ఒక గడి. ఆ గడిలో పేరు లేనిదానికి పైసా రాదు. పెద్ద బడికి బెంచీల మద్దు ఉంది, సుద్దముక్కల మద్దు ఉంది, గంట తోమే చింతపండుకు కూడా ఏదో మద్దు ఉండే ఉంటుంది. చిన్న బడికి పంతులు జీతం తప్ప మరో గడి లేదు.

"మద్దు లేదు, సాబ్. విరిగినయే కదా?"

"విరిగినా పెద్ద బడియే." రుమాలుతో మూతి తుడుచుకొని నలుగురి వైపు తిరిగారు. "అయినా చాపల మీద కూసుండేటోళ్ళకు బెంచీలెందుకయ్యా, చాపల పంతులూ? కింద పడ్తరు!"

నలుగురూ నవ్వారు. ఒకాయనకు చాయ్ ముక్కులోకి పోయింది. గుమ్మం దగ్గర చప్రాసీ ముక్కాలిపీట మీద కూర్చొని తల దించుకున్నాడు. నేను ఎండలో కోసున్నర నడిచి ఊరు చేరేసరికి, నాకన్నా ముందే ఆ పేరు ఊరు చేరింది. గొర్లకాపరి ఎదురొచ్చి, "చాపల పంతులూ, పనైందా?" అన్నాడు. ఎవరు మోసుకొచ్చారో ఇప్పటికీ తెలియదు. నాకు ఇద్దరి మీద అనుమానం ఉంది. ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి వదిలేస్తున్నాను, మాఫీ మాత్రం చేయలేదు.

దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాను. ఊరి పటేలు ద్వారా పైకి పంపాలి, అది పద్ధతి. మూడు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగోది రాస్తుండగా ఒక మధ్యాహ్నం సంఘం వాళ్ళు వచ్చి పటేలు చావడిలో కాగితాలన్నీ బయటికి లాగి తగులబెట్టారు. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. గాలికి ఒక కాగితం సగం కాలి నా కాళ్ళ దగ్గర పడింది. చూస్తే నా దస్తూరి. "చిన్న బడి పిల్లల పక్షాన వినయంగా" అన్నంత వరకు మిగిలింది. నా మూడు దరఖాస్తులూ చావడి సందూక దాటి ఎటూ పోలేదన్నమాట. ఊళ్ళో అందరూ అప్పుల కాగితాలు కాలాయని సంబరపడుతుంటే నేనొక్కణ్ణే వాడిన మొహంతో నిలబడ్డాను. తుపాకి భుజాన వేసుకున్న పిల్లగాడొకడు నా దగ్గరికి వచ్చి, "ఏం పంతులూ, నీ బాకీ కాయిదం కాలిందా?" అన్నాడు.

"కాదు. సర్కారు నాకు పడ్డ బాకీ" అన్నాను.

ఆ సగం కాగితం దాచుకున్నాను.

ఆ తర్వాత పోలీసు చర్య వచ్చింది. పెద్ద రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతున్నాయని కబురు. అయిదు రోజుల్లో నిజాం సర్కారు పోయింది. జెండా మారింది. సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది, అందుకు మా దొండాకు పసరు కూడా గురువారం నుంచి శనివారానికి మారింది. చిన్న బడికి మద్దు మాత్రం మారలేదు.

ఆ రోజుల్లో అన్నీ నవ్వుకునే సంగతులు కావు. పెద్ద బడి చప్రాసీ ముసల్మాను, అందరూ చాచా అనేవారు. కస్బాలో నలుగురు పోకిరీలు ఎప్పుడెప్పటి కోపాలో బయటికి తీసి ముసల్మానుల ఇళ్ళ మీద పడుతున్నారని తెలిసి, ఆయన భార్యను తీసుకొని వాగు దాటి మా ఊరికి వచ్చాడు. అవ్వ వాళ్ళిద్దరినీ తన ఇంట్లో పెట్టుకుంది. ఎవరో గుమ్మంలోకి వచ్చి అడిగితే, "మా ఇంట్ల చుట్టాలున్నరు. చూసుడైందా? పో" అంది. ఎనిమిది రోజులకు గొడవ చల్లారాక వాళ్ళు పోయారు. పోయేటప్పుడు చాచా మా కొట్టంలోకి వచ్చి తలుపు మీద ఎక్కాన్ని చాలాసేపు చూశాడు.

చలికాలం వచ్చింది. కొత్త సర్కారు పోలీసులు, అడవుల్లో ఉన్న దళాల కోసం, కస్బాలో దిగబోతున్నారని తెలిసింది. దిగేది పెద్ద బడిలోనే, ఎందుకంటే కస్బాలో పెంకుల కప్పు ఉన్న సర్కారు ఇల్లు అదొక్కటే. పాత సర్కారు కాలంలో ఒకసారి అక్కడ దిగిన పోలీసులు మంచి బెంచీలే రెండు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నారు. ఆ రెండు బెంచీలకు సంజాయిషీ రాయలేక సదరు సాబ్ ఏడాదిపాటు చిక్కిపోయారు. అందుకని ఈసారి ఆయన ముందే జాగ్రత్త పడ్డారు.

ఒక పొద్దున మా కొట్టం ముందు రెండు బండ్లు ఆగాయి. రెండింటి నిండా బెంచీలు, కాళ్ళ నల్లబల్ల, పైన చుట్టిన నక్షా. ముందు బండి మీద చాచా.

"మాస్టర్ సాబ్, గివన్నీ మీ దగ్గర ఉంచుమన్నరు" అన్నాడు.

"నా దగ్గరనా? ఎందుకు?"

చాచా గొంతు సవరించుకున్నాడు. "చెప్పమంటరా, వద్దా?"

"చెప్పు, చాచా."

"సదరు సాబ్ ఏమన్నరంటే, చాపల పంతులు బడిల సర్కారు సామాను ఉంటదని ఎవ్వడూ కలల గూడ అనుకోడు. గాడ పెట్టు, బేఫికర్, అన్నరు."

అది కూడా నా మనసులో పెట్టుకున్నాను. వెంట ఒక చీటీ కూడా ఉంది: "ఇవి పెద్ద బడి సొత్తు. పిల్లలను కూర్చోబెట్టరాదు." సంతకం.

నేను మొండివాణ్ణే కానీ చీటీని దాటేవాణ్ణి కాదు. బెంచీలను వెనక గోడకు కప్పుదాకా పేర్చాం, కాళ్ళు పైకి పెట్టి. పిల్లలు ముందు చాపల మీద కూర్చొని, పాఠం వింటున్నట్టు తల ఊపుతూ, బెంచీల కాళ్ళు లెక్కపెట్టేవారు. నలభై ఎనిమిది. ఒకటో తరగతి వాళ్ళకు ఆ ఏడాది అంకెలు చాలా తొందరగా వచ్చాయి.

అవ్వ రోజూ వచ్చి చూసేది. "తిండి ముందట పెట్టి మూతి కట్టినట్టుంది గదా, పంతులూ."

"చీటీ ఉన్నది, అవ్వా."

"చీటీని తగలెయ్యి. మా పిల్ల మూడు మల్ల మల్ల చదువుతాంది. రేపు లగ్గమైనంక గూడ మూడుకే వస్తదా?"

అంతలో కబురొచ్చింది. కొత్త తనిఖీ అధికారి దౌరా మీద వస్తున్నాడు, మా ఊరికీ వస్తాడు, నాలుగో తరగతి సంగతి అప్పుడే తేలుస్తాడు. మక్తల్ దిక్కు మనిషి అన్నారు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే వాగు దగ్గరికి ఎదురుపోయాను. ఆయన చెప్పులు చేతిలో పట్టుకొని, ధోవతి మోకాళ్ళ దాకా ఎత్తి, ఒక్కడే వాగు దాటుతున్నాడు. వెంట బంట్రోతు కూడా లేడు.

"గీ వాగు దాటే పెద్ద బడికి పోవాలెనా పిల్లలు?" అన్నాడు ఒడ్డెక్కి.

"అవును, సాబ్. వానాకాలం నడుముదాకా వస్తది."

"నడుమంటే నీ నడుమా, వాళ్ళ నడుమా?"

అప్పుడే ఆ మనిషి నాకు నచ్చాడు. దారిపొడుగునా నా బాధలన్నీ వరసగా చెప్పుకొచ్చాను. బోర్లించిన కప్పు దాకా వచ్చేసరికి ఊరు వచ్చేసింది.

కొట్టంలోకి అడుగుపెట్టి ఇద్దరమూ ఆగిపోయాం. నేను వాగు దగ్గర ఉన్నంతసేపట్లో అవ్వ పని చేసింది. గొర్లకాపరిని పిలిచి బెంచీలన్నీ దింపించి వరసగా వేయించింది. పిల్లలంతా వాటి మీద కూర్చొని ఉన్నారు. తలలకు నూనె, వెన్ను నిటారుగా, చేతులు ఒళ్ళో, కాళ్ళు గాలిలో వేలాడుతూ. ఒకటో తరగతి వాళ్ళు ఊపిరి కూడా తీస్తున్నట్టు లేరు. ముందు కాళ్ళ నల్లబల్ల. గోడకు నక్షా, తలకిందులుగా. ఒక్క పిల్లవాడూ కింద పడలేదు. సదరు సాబ్ బతికి ఉంటే చదువుకోవాలని ఈ వాక్యం రాస్తున్నాను.

అవ్వ మూలన నిలబడి నాకు కళ్ళతోనే చెప్పింది: నోరు మూసుకో.

అధికారి వరసల మధ్య నడిచాడు. ఒక బెంచీని తట్టి చూశాడు. "నా దౌరాల ఏ చిన్న బడికీ ఒక్క బెంచీ చూడలే" అన్నాడు. "బాగుంది. నల్లబల్ల ఉన్నది, నక్షా ఉన్నది. ఇంక నాలుగో తరగతికి అడ్డమేంది? రాసిస్త." సంచిలోంచి కాగితం తీశాడు. కలం మూత తీశాడు.

అవ్వ మనవరాలు నా వైపు చూసింది. ఏడుగురూ చూశారు. నేను ఊరుకుంటే అయిపోయేది. నాకు ఆ సంగతి బాగా తెలుసు, మెదడు లేనివాణ్ణి కాదు.

కలం కాగితం మీద పెట్టబోతూ ఆయన ఒక్క మాట అన్నాడు: "సర్కారు మీకు బాగనే ఇచ్చింది, పంతులూ."

"సర్కారా?" అన్నాను నేను.

అవ్వ నుదురు కొట్టుకున్న చప్పుడు కొట్టమంతా వినబడింది.

ఇంక నా చేతిలో లేదు. "సర్కారు ఇచ్చిందా, సాబ్? నాకా? గివి పెద్ద బడియి. దాచిపెట్టుమని పంపిండ్రు. నాకు సర్కారిచ్చింది హాజరీ పుస్తకం, దాని కాయితాలు గూడ అయిపోయినయి. గా తలుపు చూడుండ్రి, గదీ నా నల్లబల్ల! మేకలకు తలుపు, పిల్లలకు బల్ల!" సగం కాలిన దరఖాస్తు కూడా జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. సర్కారు చేయని మేలుకు సర్కారుకు పేరు రావడం నేను ఓర్వలేను. అప్పుడూ ఓర్వలేదు, ఇప్పుడూ ఓర్వను.

చెప్పడం అయ్యాక చూస్తే ఆయన కలం మూత పెట్టేశాడు.

"పోయింది" అంది అవ్వ, పైకే. "దొరికిందాన్ని నోటితోని తన్నుకున్నడు. నీకు జీతమిచ్చేది బాధలు చెప్పుకోనీకా, పాఠం చెప్పనీకా?"

అవ్వ మనవరాలు బెంచీ దిగి, మూలనున్న తన చాప తెచ్చి పరుచుకొని కూర్చుంది. ఒక్కొక్కరే మిగతా ఆరుగురూ దిగారు. నా జీవితంలో నా మీద నాకే కోపం వచ్చిన రోజులు తక్కువ. అది ఒకటి.

అధికారి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏ తరగతి, బిడ్డా?"

"మూడు."

"మూడు ఎన్నేండ్లు?"

"మూడేండ్లు."

"ఏదీ, ఒక పాఠం చదువు."

"ఏ పాఠం? ఎనకనుంచి చదవాల్నా, ముందునుంచా?" అంది. పుస్తకం లేకుండానే ముందునుంచి అందుకుంది. ఆయన రెండో పాఠం దగ్గరే ఆపమన్నాడు. ఆమె ఆగలేదు. చివరి పాఠం అయ్యి, వెల కూడా చెప్పాకే నోరు మూసింది.

ఆయన లేచి ధోవతి దులుపుకున్నాడు. నవ్వుతున్నాడో లేదో చెప్పలేను, మీసాలు అడ్డం. "చూడు, పంతులూ. నేను నీ చిన్న బడికి ఒక్క బెంచీ ఇయ్యలేను. నాకు మద్దు లేదు. పెద్ద బడి పిల్లలు రేపు సర్కారుకు గుమస్తాలైతరు, అందుకే పాత సర్కారు వాళ్ళకు పెట్టింది. చిన్న బడి పిల్లలు ఏమైతరు? అది ఎవ్వరూ రాసుకోలే. కొత్త చిట్టా వచ్చేదాక పాత చిట్టానే."

"మరి మా పిల్ల?" అంది అవ్వ.

"ఆగు, అవ్వా. పెద్ద బడికి మద్దు ఉన్నది గదా. పెద్ద బడి నాలుగో తరగతికి ఒక శాఖ గీ ఊళ్ళె పెడ్తున్న. కాయితం మీద గీ ఏడుగురు పెద్ద బడి పిల్లలు. జాగా మాత్రం గీ కొట్టం. వాళ్ళకు రెండు బెంచీలు, నల్లబల్ల, నెలకు సుద్దముక్కల డబ్బా పెద్ద బడే పంపాలె. చెప్పేది నీ పంతులే."

నేను వెంటనే అడిగాను: "మరి ఒకటి, రెండు, మూడు?"

"చాపలు" అన్నాడాయన.

"గదెట్ల, సాబ్? ఒకే కొట్టంల..."

"పంతులూ!" అంది అవ్వ. ఈసారి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది, అధికారి ఎదుటే. కలం మూత మళ్ళీ ఊడింది. ఆయన రాసి సంతకం చేసేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఆ చేతికి ఉల్లిగడ్డ వాసన.

పది రోజులకు పోలీసులు కస్బా నుంచి వేరేచోటికి పోయారు. చాచా బండ్లతో వచ్చి బెంచీలన్నీ ఎక్కించి, రెండు వదిలేశాడు. కాళ్ళ నల్లబల్లా వదిలేశాడు. సుద్దముక్కల డబ్బా ఇచ్చాడు, దానితోపాటు సదరు సాబ్ చీటీ: "ఈ సుద్ద నాలుగో తరగతికి మాత్రమే." ఆయన చేత అలా నెల నెలా నాకు సుద్ద పంపించుకోవడం ఎంత బాగుండేదో చెప్పలేను. ఆ చీటీని అక్షరాలా పాటించాను. నాలుగుకు తెల్లటి సుద్దముక్కతో కాళ్ళ బల్ల మీద రాసి, దాన్ని డబ్బాలో పెట్టి మూత వేసి, చేయి దులుపుకొని, వాగు గట్టున తవ్వి తెచ్చుకున్న సుద్దగడ్డతో తలుపు మీద మూడుకు రాసేవాణ్ణి. చేయి దులపడం చూసి పిల్లలు నవ్వేవారు. పోను పోను ఒకటో తరగతి వాళ్ళు కూడా పలక మార్చేముందు చేయి దులుపుకోవడం మొదలుపెట్టారు.

ఆ మొదటి రోజు చాచా బండి మీంచి చివరగా ఒకటి దింపాడు. ముక్కాలిపీట.

"ఇది కూడా మద్దు కిందనే వచ్చిందా?" అన్నాను, కొంచెం పుల్లగానే.

"కాదు, మాస్టర్ సాబ్. గిది నాది. మా నాయిన చేసిండు. సర్కారు నాకెన్నడు పీట ఇచ్చింది? ఇంటికాడినుంచి నేనే మోసుకపోయిన. నాలుగో జమాత్‌కు చెప్పే పంతులు నిలబడి చెప్తే బాగుండదు. అవ్వ ఇంట్ల ఎనిమిది రోజులు తిన్న, కూసున్న. మీరు కూసోండ్రి."

ఏళ్ళ తరబడి ఆ పీట మీద నేను పెట్టుకున్న ఫిర్యాదు ఒక్క మాటతో కూలిపోయింది. కూర్చున్నాను. ఒక కాలు పొట్టిది, కొంచెం ఊగింది.

ఏడుగురూ బెంచీల ముందు నిలబడ్డారు, ఎక్కకుండా. తనిఖీ రోజు దిగిన సంగతి గుర్తున్నట్టుంది. అవ్వ వచ్చింది, కొంగులో పుట్నాలూ బెల్లమూ. ముందు తనే బెంచీ మీద కూర్చొని, రెండుసార్లు అటూ ఇటూ కదిలి చూసింది. "గట్టిగనే ఉన్నది. రా" అని మనవరాలి చేయి పట్టి ఎక్కించింది. తర్వాత అందరికీ పుట్నాలు పంచింది, చాపల మీద వాళ్ళకు ఒక గుప్పెడు ఎక్కువ. ఎందుకని అడిగితే, "వాళ్ళకు సర్కారు ఇయ్యలే గదా" అంది.

అప్పటినుంచి మా ఊళ్ళో మూడు పాసైతే పాసయ్యాడు అనేవాళ్ళు కాదు, "బెంచీ ఎక్కిండు" అనేవాళ్ళు. ఆ రోజు ఇంటివాళ్ళు పుట్నాలు, బెల్లం తెచ్చి బడిలో పంచేవారు, చాపల వాళ్ళకు ఒక గుప్పెడు ఎక్కువ. గొర్లకాపరి కొడుకు ఎక్కిన రోజు వాళ్ళ నాయిన కూడా వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు, తనకు మిగిలిన సగం ఏడో ఎక్కం అప్పజెప్పి పోయాడు.

చాప తరగతులకు బెంచీల కోసం నేను ఆ తర్వాత ఎన్ని దరఖాస్తులు రాశానో చెప్పను, ఇంట్లోవాళ్ళు నమ్మరు. ఆ పీట ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద కూర్చొనే ఇది రాస్తున్నాను. మనవరాలు ఇందాక వచ్చి, "తాతా, చప్రాసీకి పీట ఇచ్చింది సర్కారు కాదట గదా, ఇంక ఆ కథ ఆపరాదు?" అంది. ఆపను. సర్కారు చాచాకూ ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. మునుపు నాది ఒక్క ఫిర్యాదే. ఇప్పుడు రెండు.